అప్పజెప్పు ఇంగ్లీషు, చెప్పు ఇంగ్లీషు

హైస్కూలులో చదువు బిడ్డలున్న ఇండ్లలో సాయంకాలమున తరచుగా వినబడు ధ్వని యొకటి కలదు. బాలుడో బాలికయో గోడకు చేరగిలబడి, ముందునకు వెనుకకు ఊగుచు, ఇంగ్లీషు ప్రశ్నకు జవాబును పదిసార్లు, ఇరువదిసార్లు బిగ్గరగా వల్లించుచుందురు. తల్లిదండ్రులు ఆ ధ్వని విని, బిడ్డ శ్రద్ధగా చదువుచున్నాడని సంతసింతురు. ఉపాధ్యాయులమైన మేమును చాలకాలము అట్లే సంతసించితిమి. ఆ సంతోషమున ఒక లోపము కలదని మాకు తెలియజేసినది తొమ్మిదవ తరగతి బాలిక యొకతె.

ఆమె పాఠము చివరనున్న ప్రశ్నలకు జవాబులను ఒక్క మాట తప్పకుండ అప్పజెప్పెను. మెచ్చుకొంటిమి. పిమ్మట మాటవరుసకు, "ఈనాడు నీవు బడికి ఎట్లు వచ్చితివి?" అని ఇంగ్లీషున అడిగితిమి. బాలిక తెల్లబోయెను. ప్రశ్న ఆమెకు అర్థమైనది. తెలుగున చెప్పుమనగా గడగడ చెప్పెను: బస్సు రాలేదట, తమ్మునితో కాలువగట్టు వెంట సగము దూరము నడచినదట, అంతట ఎవరో ట్రాక్టరు మీద ఎక్కించుకొనిరట. అంత చక్కని వృత్తాంతము మనసులో నున్నది. అందు ఒక్క వాక్యమైనను ఇంగ్లీషుగా బయటకు రాలేదు. అరపుట జవాబును అప్పజెప్పిన నోటికి 'ఐ వాక్డ్' అను రెండు మాటలు దొరకలేదు.

అప్పజెప్పుట వేరు, చెప్పుట వేరు. ఈ భేదమును గూర్చియే ఈనాడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ఇది ఒక్క బాలిక సంగతి యైనచో ఇంతగా చెప్పనక్కరలేదు. ఐదారేండ్లు ఇంగ్లీషు చదివియు సొంతమాట యొక్కటి పలుకలేని విద్యార్థులు మన తరగతులలో అనేకులు. పూర్వము తెలుగు మాధ్యమమున చదువు బిడ్డకు ఈ లోపము వలన ఇంగ్లీషు అను ఒక్క విషయమునందే నష్టము కలుగుచుండెను. నేటి స్థితి అది గాదు. తెలంగాణమున 2022-23 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టిరి. ఆంధ్రప్రదేశమునందును ఇటీవలి సంవత్సరములలో ఆ మాధ్యమము మిక్కిలి వ్యాపించినది. ఏ మాధ్యమము మేలైనదను వాదమునకు ఇచ్చట పోము. ఇంగ్లీషు మాధ్యమమున కూర్చున్న బిడ్డకు మాత్రము, ఇంగ్లీషు నోట ఆడనిచో విజ్ఞానశాస్త్రమును నోట ఆడదు. పైరుకు ఎరువెప్పుడు వేయవలెనో, తెగులు ఎట్లు సోకునో కన్నులార చూచి ఎరిగిన రైతుబిడ్డ, దానిని ఇంగ్లీషున చెప్పలేక, ఏమియు తెలియనివాడుగా లెక్కింపబడును. కొంతకాలమునకు తనకు నిజముగనే ఏమియు తెలియదని నమ్మును. మేము భయపడుచున్నది ఆ నమ్మకమునకే.

మైకేల్ వెస్ట్ అను విద్యావేత్త అవిభక్త వంగదేశమున ఢాకాలో పనిచేసి, అచ్చటి బాలుర ఇంగ్లీషు చదువును పరిశీలించి, 1926లో ఒక గ్రంథము వెలువరించెను. అందాయన వేసిన ప్రశ్న యొకటి నేటికిని తలపదగినది. బీమా కట్టువాడు మధ్యలో మానినచో వానికి ఎంతో కొంత సొమ్ము తిరిగి ముట్టును. అట్లే చదువు మధ్యలో మానిన బాలునికి, అంతవరకు చదివిన ఇంగ్లీషు వలన చేతికి ముట్టునదెంత? వల్లించిన జవాబు పరీక్ష ముగిసిన పదిదినములలో మరపున పడును. దాని వలన తరువాత ముట్టునది సున్న. సొంతముగా చదివి గ్రహించుట, సొంతముగా నాలుగు వాక్యములు చెప్పుట అలవడినచో, పదవ తరగతితో చదువు ఆగినను ఆ బిడ్డకు అది జీవితాంతము నిలుచును.

ముందుగా మన బిడ్డల తప్పులను అర్థము చేసికొందము. అవి సోమరితనము వలన కలిగినవి గావు. తెలుగున క్రియ వాక్యము చివర నుండును. ఇంగ్లీషున కర్తను విడువకుండ వెంటనే వచ్చును. మనము 'బల్ల మీద' అని నామమునకు తరువాత విభక్తిని చేర్చుదుము. వారు 'ఆన్ ది టేబుల్' అని ముందే చేర్చుదురు. 'ఎ', 'ది' అను చిన్నమాటలకు మన భాషలో సరియైన జోడు లేదు. 'వచ్చెనా' యనుటకు మనకు చివర ఒక్క దీర్ఘము చాలును. వారికి 'డిడ్' అను క్రొత్త మాటను ముందుకు తెచ్చి, 'కేమ్'ను మరల 'కమ్'గా మార్చవలెను. మనకు ఆకలి వేయును. వారు 'ఐ యామ్ హంగ్రీ' యందురు, అనగా తామే ఆకలిగొన్నవారగుదురు. ఇన్ని భేదములను దాటి వచ్చు బిడ్డ 'డిడ్ హి కేమ్' అనినచో ఆశ్చర్యమేమి? ఆ తప్పులో సైతము సగము విద్య యున్నది. 'డిడ్' ముందుకు వచ్చినది. 'కేమ్' వెనుకకు పోవుటయే మిగిలినది.

కావున తరగతిలో మొదట చేయవలసినది భయమును తొలగించుట. అందులకు మేము అనుసరించిన పద్ధతి మిక్కిలి సులభమైనది. ప్రతిదినము పాఠము ఆరంభమున ఐదు నిమిషములు విడిగా ఉంచితిమి. నల్లబల్ల మీద ఒక వాక్యము సగము వ్రాయుదుము: 'ఆన్ ది వే టు స్కూల్, ఐ సా...' అని. తక్కిన సగము విద్యార్థి తానే పూరింపవలెను. దినమునకు పదిమంది చొప్పున చెప్పినచో అరువదిమంది గల తరగతిలో వారమునకు ఒక్కొక్కరికి ఒక్క వంతు తప్పక వచ్చును. నియమము ఒక్కటే: చెప్పునది నిజమై యుండవలెను, తనదై యుండవలెను. ఇంగ్లీషు మాట తెలియనిచో అచ్చట తెలుగుమాట వాడవచ్చును. ఒక బాలుడు 'ఐ సా ఎ నాగలి' యనెను. తరగతి నవ్వబోయెను. మేము నవ్వక, 'ఎ ప్లౌ' అని అందించితిమి. ఆ మాటను ఆ బాలుడు మరువలేదు, తరగతియు మరువలేదు. ఆకలి వేళ పెట్టిన అన్నము వంటిది, అవసరము వేళ అందిన మాట.

తప్పును దిద్దుటయందును నేర్పు కావలెను. వాక్యము నడుమ ఆపి దిద్దినచో బిడ్డ తరువాతి వాక్యమును మ్రింగివేయును. చెప్పినదాని అర్థమునకు మొదట బదులు పలికి, ఆ బదులులోనే సరియైన రూపమును వినిపింపవలెను. 'ఐ గోయింగ్ మార్కెట్ యెస్టర్డే' అని బాలుడనినచో, 'ఓ, యూ వెంట్ టు ది మార్కెట్! వాట్ డిడ్ యూ బై?' అని అడుగుడు. మందలింపు లేదు, సరియైన వాక్యము చెవిన పడినది, సంభాషణము సాగినది. ఒకే తప్పును పలువురు చేయుచున్నప్పుడు మాత్రము, ఎవరి పేరును ఎత్తక, దానిని మరునాడు నల్లబల్ల మీద వ్రాసి అందరకు వివరింపవలెను.

ఇక పాఠమధ్యమున చేయదగిన పనులు. 1979 నుండి 1984 వరకు దక్షిణ భారతమందలి కొన్ని పాఠశాలలలో ఎన్.ఎస్. ప్రభు అను ఆచార్యుని మార్గదర్శకత్వమున ఒక ప్రయోగము జరిగినది. బెంగుళూరు ప్రయోగమని దానికి పేరు. వ్యాకరణ సూత్రములను వరుసగా బోధించుటకు బదులు, విద్యార్థులకు ఇంగ్లీషున సమస్యలను ఇచ్చిరి. రైలు వేళల పట్టికను, ఊరి పటమును ఇచ్చి, ఏ బండి ఎక్కవలెను, ఏ దారిన పోవలెను అని ఆలోచింపజేసిరి. మనసు అర్థము మీద లగ్నమైయున్నప్పుడు భాష దానంతట అదియే లోన కుదురుకొనునని వారి విశ్వాసము. మొదట ఉపాధ్యాయుడు అటువంటి సమస్య నొకదానిని తరగతి యంతటితో కలిసి సాధించును. పిమ్మట ప్రతి విద్యార్థియు మరియొకదానిని తానే సాధింపవలెను. తరగతిలో సగముమంది సగము పనినైనను నెరవేర్చగలిగినచో ఆ పని వారి స్థాయికి తగినదని భావించిరి. ఈ కొలత నేటి ఉపాధ్యాయులకును ఉపయోగించును.

దీనిని మన ఊరికి అనువుగా మార్చి మేము ఇట్లు ఇచ్చితిమి. ఊరి నుండి పట్టణమునకు మూడు బస్సులు: 7 గంటలకు ఒకటి, 8.30కు ఒకటి, 10.15కు ఒకటి. ప్రయాణము గంటన్నర. బస్టాండు నుండి ఆసుపత్రికి అరగంట నడక. వైద్యుడు 10 నుండి 12 వరకు ఉండును. అవ్వ ఏ బస్సు ఎక్కవలెను? ఎందుచేత? జవాబున 'బికాజ్' అను మాట తప్పక రావలెను. పలువురు రెండవ బస్సు అనిరి, 10.30కు ఆసుపత్రి చేరవచ్చును. మూడవ బస్సు ఎక్కినచో 12.15 అగును, వైద్యుడు దొరకడు. ఇంతలో వెనుక వరుస బాలుడు లేచి, 'ఫస్ట్ బస్! బికాజ్ టోకెన్!' అనెను. ఆసుపత్రిలో చీటీలు పెందలకడ ఇత్తురనియు, ఆలస్యముగా పోయినవారికి అవి దొరకవనియు వానికి అనుభవము. అవ్వను తీసికొనిపోయినవాడు వాడే. ఆనాడు తరగతి యంతయు రెండు పక్షములై వాదించినది. ఆ వాదము పావుగంట సేపు ఇంగ్లీషున, అనగా ముక్కలు ముక్కలుగా వచ్చిన ఇంగ్లీషున, సాగినది. ఏ గైడు పుస్తకమును ఆ పావుగంటను ఇయ్యజాలదు.

రెండవ పని పరుగుతో కూడిన శ్రుతలేఖనము. ఐదారు వాక్యముల పేరాను పెద్ద అక్షరములతో వ్రాసి వరండా గోడకు అంటింపవలెను. విద్యార్థులను ఇద్దరిద్దరిగా జతపరుపవలెను. ఒకరు పోయి ఒక వాక్యము చదివి, గుర్తుంచుకొని, వచ్చి రెండవవారికి చెప్పవలెను; రెండవవారు వ్రాయవలెను. సగము పేరా కాగానే వంతు మారవలెను. మరచినచో మరల పోయి చూడవచ్చును గాని అచ్చట నుండి కేకవేయరాదు. చదువుట, జ్ఞప్తి యందుంచుట, పలుకుట, వినుట, వ్రాయుట – ఐదును ఒకే పనిలో ఇమిడియున్నవి. 'సే ఇట్ అగైన్', 'హౌ డు యూ స్పెల్ ఇట్' అను వాక్యములు అవసరము వలననే నోటికి వచ్చును. పక్క తరగతికి సందడి కలుగును గనుక ఆవరణమున వేపచెట్టు క్రింద జరుపుట మేలు.

మూడవది కథ చెప్పుట. క్రొత్త కథ వలదు. పరమానందయ్య శిష్యుల కథయో, కాకియు కుండయు కథయో, తెలుగున ముందే తెలిసినదై యుండవలెను. కథ వెదకుకొను శ్రమ తప్పినచో మాట వెదకుకొనుటకు మనసు తీరికగా నుండును. విద్యార్థి ఆ కథను ఒక స్నేహితునికి నాలుగు నిమిషములలో, మరియొకనికి మూడు నిమిషములలో, వేరొకనికి రెండు నిమిషములలో చెప్పవలెను. అంతసేపు చెప్పలేని తరగతులకు ఈ కాలమును సగము చేయవచ్చును. మొదటిసారి తడబడిన చోట రెండవసారి తడబాటు తగ్గును. మూడవసారి మాట సాగును. కథ వల్లించుట గాదిది, ఏలయనగా మూడుసార్లును వాక్యములు కొంచెము కొంచెము మారుచుండును.

ఉచ్చారణమును గూర్చి రెండు మాటలు. తెలుగుమాటలు సామాన్యముగా అచ్చుతో ముగియును. ఆ అలవాటున మనము 'బుక్'ను బుక్కు, 'బస్'ను బస్సు చేసికొంటిమి. తెలుగున మాటాడునప్పుడు అవి తెలుగుమాటలే, తప్పులేదు. ఇంగ్లీషున పలుకునప్పుడు మాత్రము చివరి ఉకారమును విడువవలెను. 'ఎగ్'ను 'యెగ్' అని, 'ఓన్లీ'ని 'వోన్లీ' అని పలుకుటయు ఇట్టి అలవాటే. వీనికంటె ముఖ్యమైనది ఊనిక. మనము అక్షరములను ఇంచుమించు సమానముగ పలుకుదుము. ఇంగ్లీషున ప్రతి పెద్దమాటలోను ఒక భాగమును ఊని పలుకుదురు. ఒకే 'రికార్డు' మాట, నామవాచకమైనప్పుడు మొదటి భాగమున, క్రియయైనప్పుడు రెండవ భాగమున ఊనిక గొనును. ఊనిక గల చోట చప్పట్లు చరచి నేర్పినచో చిన్నపిల్లలు సరదాగా నేర్తురు. లండను వారివలె పలుకవలెనని మేము కోరము. విన్నవారికి మారు అడుగకుండ అర్థమైన చాలును.

ఇంతవరకు తరగతి మాట. ఇంటిలో విద్యార్థి తానై చేయదగిన పనులు నాలుగు కలవు.

మొదటిది, చేతనున్న పాఠ్యపుస్తకమునే సరిగా వాడుకొనుట. రెండు తెలుగు రాష్ట్రములలోను ఇటీవల ద్విభాషా పాఠ్యపుస్తకములు వచ్చినవి. విజ్ఞానశాస్త్రము వంటి విషయములలో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండును. పలువురు బిడ్డలు తమకు సులభమైన పుటను చదివి రెండవదానిని విడుతురు. అట్లు గాక, మొదట తెలుగు పేరాను చదివి అర్థము గ్రహింపుడు. పిమ్మట ఇంగ్లీషు పేరాను చదువుడు. తరువాత ఇంగ్లీషు పుటను మూసి, తెలుగును చూచుచు, మూడు నాలుగు వాక్యములను మీ ఇంగ్లీషున వ్రాయుడు. ఇప్పుడు పుట తెరచి పోల్చుకొనుడు. ఎచ్చట 'ది' విడిచితిరో, ఎచ్చట క్రియ తారుమారైనదో పుస్తకమే చూపును. ఈ ఉపాయము క్రొత్తది గాదు. ఇంగ్లండున ఎలిజబెత్ రాణికి ఆమె బాల్యమున చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ అను పండితుడు, లాటిను భాష నేర్చుటకు ఇట్టి ఇరువైపుల అనువాదమునే ఉపదేశించెను. ఆయన గ్రంథము 1570లో అచ్చైనది. లాటిను నేర్చుటకు ఇంగ్లీషు బిడ్డకు తన ఇంగ్లీషు మెట్టైనది. ఇంగ్లీషు నేర్చుటకు తెలుగు బిడ్డకు తన తెలుగు అడ్డమెట్లగును?

రెండవది, మాటల సంపాదనము. వెస్ట్ పండితుడే 1953లో ఇంగ్లీషున ఎక్కువగా వాడబడు సుమారు 2000 మాటల పట్టికను ప్రకటించెను. సామాన్యమైన రచనలో నూటికి సుమారు ఎనుబది మాటలు ఆ పట్టికలోనివే యుండును. దినమునకు ఐదు మాటలు నేర్చినచో 200 దినములలో వేయి మాటలగును. ఆరవ తరగతిన ఆరంభించినవాడు ఎనిమిదవ తరగతికి చేరునప్పటికి రెండువేలు పూర్తిచేయవచ్చును. చిక్కంతయు నేర్చుటలో లేదు, నిలుపుకొనుటలో నున్నది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు తన మీదనే పరీక్షలు జరుపుకొని 1885లో తెలిపిన దేమనగా, నేర్చినది మొదటి గంటలలో, మొదటి దినములలోనే అతివేగముగ మరపున పడును, పిమ్మట ఆ వేగము తగ్గును. కావున ఒకేనాడు నూరుసార్లు వల్లించుటకంటె ఎడమెడముగా పదిసార్లు తలచుట మేలు.

దీనికి ఖర్చులేని సాధనము కలదు. ఇంటికి వచ్చిన పాత శుభలేఖలను చిన్న చీటీలుగ కత్తిరింపుడు. అచ్చులేని వైపున ఇంగ్లీషుమాటను, ఆ మాటతో మీరు కూర్చిన ఒక వాక్యమును వ్రాయుడు. వెనుక మూల అర్థమును తెలుగున వ్రాయుడు. మూడు అట్టపెట్టెలు ఉంచుకొనుడు. క్రొత్త చీటీలు మొదటి పెట్టెలో. వానిని ప్రతిదినము చూడవలెను. అర్థము తప్పక చెప్పిన చీటీ రెండవ పెట్టెకు పోవును. దానిని మూడు దినముల కొకసారి చూడవలెను. అచ్చటను నెగ్గినది మూడవ పెట్టెకు పోవును. దానిని వారమున కొకసారి చూచిన చాలును. ఎచ్చట తప్పినను ఆ చీటీ మరల మొదటి పెట్టెకే రావలెను. సెబాస్టియన్ లైట్నర్ అను రచయిత 1972లో జర్మను భాషలో వెలువరించిన గ్రంథమున ఇట్టి పెట్టెల పద్ధతిని వివరించెను.

మూడవది, రేడియో. రేడియో గల ఇంటి బిడ్డకు ఇంగ్లీషు ఉపాధ్యాయుడొకడు ఇంటనే యున్నట్లు. తెలియని విషయమును తెలియని భాషలో వినుట కష్టము. తెలిసిన విషయమును వినుట సులభము. కావున ముందు తెలుగు వార్తలు వినుడు, పిమ్మట ఇంగ్లీషు వార్తలు వినుడు. మొదటి వారము ఊళ్ల పేర్లను, మనుష్యుల పేర్లను మాత్రము పట్టుకొని వ్రాయుడు. రెండవ వారము అంకెలను, తేదీలను పట్టుకొనుడు. మూడవ వారము ఒక్కొక్క వార్తలో ఒక్కొక్క క్రియను పట్టుకొనుడు. నాలుగవ వారమున ఒక వార్తను మీ మాటలలో రెండు వాక్యములుగ వ్రాయగలరు. అంతయు అర్థము కాలేదని నిరుత్సాహపడరాదు. చెవి ముందు నిండవలెను; నోరు తరువాత తెరచుకొనును. క్రికెట్టు ప్రియులైన బాలురు ఇంగ్లీషు వ్యాఖ్యానము వినుటలో మా సలహా అక్కరలేకయే ఈ విద్యను నేర్చుచున్నారు.

నాలుగవది, పాఠ్యపుస్తకము గాని పుస్తకమును చదువుట. తన తరగతికంటె ఒక మెట్టు సులభమైన కథలపుస్తకమును దినమునకు రెండు పుటలు చదువవలెను. పుటకు ఐదు తెలియని మాటలకు మించినచో ఆ పుస్తకము ఇప్పటికి కష్టమని ప్రక్కన పెట్టవలెను. ప్రతి మాటకును నిఘంటువు తెరువరాదు. ముందువెనుకల నుండి అర్థమును ఊహించి సాగవలెను. అదే మాట మూడుమారులు ఎదురైనచో అప్పుడు చూడవలెను.

ఇక తల్లిదండ్రులతో ఒక మనవి. "మాకు ఇంగ్లీషు రాదు, మేమేమి సాయపడగలము?" అని పలువురు తల్లులు మమ్ము అడిగిరి. అమ్మా, మీకు ఇంగ్లీషు రాకపోవుట లోపము గాదు. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఈనాటి ఇంగ్లీషు పాఠములో ఏమున్నదో నాకు తెలుగున చెప్పుము" అని అడుగుడు. పాఠమును అర్థము చేసికొన్న బిడ్డ చెప్పగలడు; వట్టిగా వల్లించిన బిడ్డ చెప్పలేడు. ఎంతటి పరీక్షాధికారియు దీనికంటె మంచి పరీక్ష పెట్టలేడు. ఇంగ్లీషు పేరాను పైకి చదువుచున్నప్పుడు పని చేసికొనుచునే వినుడు. వినువారున్నారని తెలిసినచో బిడ్డ గొంతు పెరుగును. ఇంగ్లీషు కొంత తెలిసిన తండ్రులకు వేరొక మనవి: చుట్టములు వచ్చినప్పుడు, "ఏదీ, ఇంగ్లీషులో మాటాడు" అని బిడ్డను నిలబెట్టకుడు. తప్పు మాటాడినప్పుడు నవ్వకుడు. ఒక్క నవ్వు ఆరునెలల పాఠమును చెరుపును.

తోడి ఉపాధ్యాయులు అడుగు ప్రశ్నయు మేమెరుగుదుము. "తరగతిలో అరువదిమంది, పూర్తిచేయవలసిన పాఠములు పెక్కు, సంవత్సరాంతమున పదవ తరగతి పరీక్ష. ఆటలకు వేళ యెక్కడిది?" ఈ కష్టము కల్పితము గాదు, మేమును పడినదే. కాని పాఠములను విడువుమని మేము చెప్పుట లేదు. శ్రుతలేఖనపు పేరాను పాఠము నుండియే తీయవచ్చును. కథ పాఠములోనిదే కావచ్చును. సగము వాక్యమున ఆ వారపు వ్యాకరణాంశమునే ఉంచవచ్చును. వారమునకు ఒక్క గంట ఇందులకు ఇచ్చినను చాలును. పరీక్షలో చదువని పేరా వచ్చును, ఉత్తరము వ్రాయుమందురు, సంభాషణము వ్రాయుమందురు. అచ్చట వల్లించినది అక్కరకు రాదు. సొంతమాట నేర్చినవాడే ధైర్యముగ కలము పట్టును. వల్లించుటను మేము పూర్తిగ నిషేధింపము. పద్యమును, మంచి వాక్యమును కంఠస్థము చేయుట మన సంప్రదాయము. అందు భాష యొక్క నడక చెవికి అబ్బును. అర్థము తెలిసి వల్లించుటకును, అర్థమునకు బదులుగా వల్లించుటకును గల భేదమునే గమనింపుమని కోరుచున్నాము.

మొదట చెప్పిన బాలిక సంగతి చెప్పి ముగింతుము. ఐదు నిమిషముల వాక్యములు ఆరంభించిన తరువాత మూడు వారములు ఆమె మౌనముగనే యుండెను. వంతు వచ్చినప్పుడు తలయూపి కూర్చుండెడిది, మేము బలవంతపెట్టలేదు. నాలుగవ వారమున 'దిస్ మార్నింగ్...' అను సగము వాక్యము నల్లబల్ల మీద నుండగా, ఆమె లేచి, 'దిస్ మార్నింగ్ నో టిఫిన్. మదర్ గో టు ఫీల్డ్' అనెను. నాట్ల కాలము, తల్లి తెల్లవారకముందే కూలికి పోయినది. ఆ రెండు వాక్యములలో వ్యాకరణము తప్పినది. కాని అవి ఏ గైడులోను లేని వాక్యములు. ఆ బాలిక తన బ్రతుకులోని నిజమును ఇంగ్లీషున చెప్పుట అదే మొదటిసారి. 'యువర్ మదర్ వెంట్ టు ది ఫీల్డ్. యూ డిడ్‌న్ట్ ఈట్ ఎనీథింగ్' అని మేము మెల్లగా పలికితిమి. ఆమె, 'యెస్. వెంట్ టు ది ఫీల్డ్' అని మరల పలికెను. ఆనాడు మధ్యాహ్న భోజనమునకు ఆమెను ముందుగా పంపితిమి.

సంవత్సరాంతమునకు ఆమె ఇంగ్లీషు గొప్పదైనదని చెప్పజాలము. 'ఎ', 'ది'లు అప్పటికిని తప్పుచునే యుండెను. కాని అడిగినచో జవాబు చెప్పెడిది. తెలియనిచో తెలియదని చెప్పెడిది. ఒక్కొక్కప్పుడు తానే ప్రశ్న అడిగెడిది. ఆ మెట్టు ఎక్కిన బిడ్డకు తక్కిన మెట్లు ఎక్కుట శ్రమయే గాని అసాధ్యము గాదు. ఈ సాయంకాలము మీ ఇంటిలో బిడ్డ పాఠమును వల్లించుచున్నచో, పుస్తకము ఒక్క నిమిషము మూయించి, నేడు బడిలో ఏమి జరిగినదో రెండు వాక్యములు ఇంగ్లీషున చెప్పుమని అడుగుడు. తప్పులను లెక్కింపకుడు, చెప్పినదానిని వినుడు.